పెద్దల్లుడి గ్రాఫిక్స్ కార్డు

మా షడ్డకుడి కంప్యూటరు పెట్టెకు ఒక పక్కంతా అద్దమే. లోపల ఏముందో వచ్చేపోయేవాళ్ళకు కనపడాలని ఏరికోరి అలాంటిది కొన్నాడు. జమ్మలమడుగులో అతని స్టూడియో మెట్లు ఎక్కుతుండగానే దాని దీపాలు గోడమీద కనపడతాయి. ఎరుపు పోయి నీలం వస్తుంది, నీలం పోయి పచ్చ వస్తుంది. పెళ్ళి వీడియోలు చేసుకునే మిషనుకు ఈ సోకంతా దేనికని కనపడినవాళ్ళందరి దగ్గరా ఎగతాళి చేశాను. నిజానికి ఆ దీపాలు మొదటిసారి చూసిన రోజే నాకు కడుపు మండింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. చివరికి నేను మారిపోయానని చెబుతానేమోనని ఎవరూ ఎదురుచూడొద్దు.

షడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. మా ఇద్దరికీ అత్తగారిల్లు పులివెందుల. మామకు ఊరి బయట చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. ముగ్గురు కూతుళ్ళు, కొడుకులు లేరు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, రెండో అమ్మాయిని అతను చేసుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. నా ఖర్మకొద్దీ మా ఇద్దరి పనీ ఒకటే అయింది.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ సందులో నాకు మిక్సింగ్ సెంటరుంది. పెళ్ళి వీడియోను కత్తిరించి, అతికించి, పాటలు కలిపి, పేర్లు వేసి ఇవ్వడాన్ని మా వైపు ఇప్పటికీ మిక్సింగ్ అనే అంటారు. క్యాసెట్ల కాలం నుంచీ నాకదే బతుకు. అతను పెళ్ళినాటికి సెల్‌ఫోన్ల అంగట్లో రీచార్జీలు చేసేవాడు. పెళ్ళయ్యాక మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా పక్కన కుర్చీ వేసుకుని "ఇదేందన్నా, అదేందన్నా" అని అడిగి అడిగి పని పట్టుకున్నాడు. నేర్పింది నేనే. నేర్చుకున్నవాడు సొంతంగా బోర్డు కట్టుకుంటే నేర్పినవాడు సంతోషించాలట. నేను సంతోషించలేదు.

ఇలా ఉండగా మూడో అమ్మాయికి పెళ్ళి కుదిరింది. తాంబూలాలు మార్చుకున్న రోజు భోజనాలయ్యాక అందరం మామ ఇంటి ముందు పందిట్లో కూర్చున్నాం. మామ అంతకు ముందు వారం జమ్మలమడుగులో ఏదో పెళ్ళికి పోయి వచ్చాడు. అక్కడ పొద్దున కట్టిన తాళిని సాయంత్రం భోజనాల వేళకే పెద్ద తెర మీద వేసి చూపించారట. పాటలతో, పేర్లతో, పూర్తి సినిమా మాదిరి. చేసినవాడు మా షడ్డకుడే.

"పొద్దున జరిగింది మాపుటికల్లా సూపించినాడప్పా! జనం అన్నం తినేది మానుకొని నోర్లు తెరుచుకొని సూస్తాండారు," అని మామ అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. తరువాత నా వైపు తిరిగాడు. "పెద్దల్లుడూ, నీది పాత మిషను గదా. మన పాప పెండ్లి వీడియో నడిపల్లుడికి ఇస్తాం. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు."

అక్కడ మా అత్త ఉంది, నా భార్య ఉంది, చాపాడు నుంచి వచ్చిన కొత్త వియ్యంకులున్నారు. షడ్డకుడు తల వంచుకుని సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. ముసిముసిగా నవ్వుతున్నాడని నాకు అనిపించింది. నా భార్య మాత్రం అతను నవ్వలేదనీ, చెల్లెలి బిడ్డ ఫోటో చూస్తున్నాడనీ ఇప్పటికీ అంటుంది. నేను నవ్వాడనే అంటాను.

"పాత మిషను కాదు మామా. కొత్తగా చేయిస్తాండా. నేనూ మాపుటికల్లా ఏసి సూపిస్తా," అన్నాను.

"ఎయ్యలేకపోతే?"

"ఏస్తానని చెప్తాండా గదా."

"సరే పో, పెద్దోనివి నువ్వు అడిగినాక కాదంటానా. కానీ మాపుటికి తెర మీద బొమ్మ రాకపోతే వియ్యంకుల ముందర నా మొగం యాడ పెట్టుకోవాల? చూసుకో మల్ల," అన్నాడు మామ.

ఆ విధంగా మా మరదలి పెళ్ళి వీడియో నాకు దక్కింది. దక్కిందో, గుంజుకున్నానో. చెయ్యలేకపోతే ఆ ఇంట్లో ఇక పెద్దల్లుడనే మాటకు అర్థం ఉండదని మాత్రం ఆ రోజే అర్థమైంది.

నా మిషను సంగతి చెప్పాలి. కొన్న రోజుల్లో అంత మంచిది మా సందులో ఇంకెవరి దగ్గరా లేదు. అంగళ్ళవాళ్ళు వచ్చి చూసిపోయేవాళ్ళు. ఇప్పటి కెమెరాలు తీసే బొమ్మ దానికి మోయలేని బరువైపోయింది. ఒక చోట ఆడించబోతే ఇంకో చోట ఆగుతుంది. పెళ్ళికూతురు చెయ్యి ఎత్తుతుంది, అక్కడే బిగుసుకుపోతుంది, కాసేపటికి ఆ చెయ్యి ఉన్నట్టుండి తల మీద ఉంటుంది. అన్నీ కలిపి పూర్తి వీడియోగా బయటికి తీయమంటే పొద్దున మొదలుపెట్టి మర్నాడు చూసుకోవాలి. కొత్త మిషను కొనే తాహతు లేదు. ఉన్నదాంట్లోనే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెడితే బొమ్మల బరువంతా అది మోస్తుంది, పని సాయంత్రానికి తెములుతుంది. ఇది నాకు నేనుగా తెలుసుకున్నాను. తెలుగులోనూ హిందీలోనూ దొరికిన వీడియోలన్నీ చూశాను.

చూడగా చూడగా తేలింది ఏమిటంటే, నా పెట్టెకు సరిపోయే కార్డు ఒకటి ఉంది. అరచెయ్యంత ఉంటుంది, ఒకే ఫ్యాను. వేరే కరెంటు వైరు కూడా అక్కర్లేదు, దూర్చిన చోటి నుంచే తీసుకుంటుంది. నా పనికి అది చాలు. అది చాలని తెలిసి కూడా మనసు ఒప్పలేదు. షడ్డకుడిది ఏది? అది తెలియకుండా నాదెలా కొనేది?

ముందు నా భార్య చేత వాళ్ళ చెల్లెలికి ఫోను చేయించాను. "ఏమోనక్కా, నాకేం తెలుసు. లోపల రంగుల లైట్లుండాయి, అంతే. దాని డబ్బాలో నేను గాజులు పెట్టుకోనుండా," అందట ఆమె. డబ్బా ఫోటో పంపమంటే మూత తెరిచి గాజుల ఫోటో పంపింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ గాజుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను లేచి చొక్కా వేసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

ఊరికే ఈ పక్కకు వచ్చాను, చూసిపోదామని ఆగానన్నాను. అతను నమ్మాడో లేదో కానీ లేచి నిలబడి తన తిరుగుడు కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. నేను దొంగచూపులు చూస్తున్నానని కనిపెట్టి తనే అద్దం విప్పేశాడు.

"సూడన్నా. రెండు ఫ్యాన్లది, ఎనిమిది జీబీ. నీకూ కార్డు ఎయ్యాలని ఉండాదంట గదా, మా ఇంట్లో చెప్పింది. నువ్వు చిన్నది తీసుకో సాలు. ఇంత పెద్దది నీ పాత పెట్టెలో పట్టదన్నా."

అతను మంచికే చెప్పాడు. అంతకంటే ఒళ్ళు మండించే విషయం ఇంకోటి లేదు. ఏదైనా దాచిపెట్టి ఉంటే, అడిగితే మాట దాటేసి ఉంటే, నాకు ఎంతో హాయిగా ఉండేది. చిన్నది చాలన్నాడు చూడండి, సరిగ్గా ఆ మాటతోనే ఆ చిన్న కార్డు నాకు పనికిరాకుండా పోయింది. టీ సగం తాగి, పని ఉందని చెప్పి దిగి వచ్చేశాను.

మర్నాడు ప్రొద్దుటూరులో కంప్యూటరు అంగడికి పోయి పన్నెండు జీబీది అడిగాను. అంగడాయన లోపలికి పోయి తెచ్చిన డబ్బా చూస్తే పట్టుచీరల డబ్బాకంటే పెద్దదిగా ఉంది. మూడు ఫ్యాన్లు. చేత్తో పట్టుకుంటే కిలో కందిపప్పు పట్టుకున్నట్టే ఉంది.

"దీనికి నీ పెట్టెలోని కరెంటు డబ్బా సాలదు. అదీ మార్చాల," అన్నాడాయన.

"మార్చు."

"నీ ప్రాసెసరు పాతది. ఇది ఎంత పని చెయ్యగలదో అంతా చెయ్యనియ్యదు."

"అది నేను చూసుకుంటా. ఎనిమిది జీబీది ఇంతకంటే చిన్నదే గదా?"

"చిన్నదే."

"అయితే ఇదే ఇయ్యప్పా."

ఆయన బిల్లు పుస్తకం తీశాడు. అమ్ముకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

తెచ్చి పెట్టబోతే పట్టలేదు. హార్డ్ డిస్కు కూర్చునే రేకు గూడు ఒకటి అడ్డం వచ్చింది. దాన్ని మరలతో కాదు, రివిట్లతో బిగించారు. షడ్డకుడు చెప్పింది చెప్పినట్టే అయిందని ఎంత ఉక్రోషం వచ్చిందో! కింద అంగట్లో బంగారుపని చేసే ఆయన నాకు చాలా ఏళ్ళ స్నేహితుడు. పెట్టె ఎత్తుకుపోయి ఆయన ముందర పెట్టాను. ఆయన నగల డిజైన్లు కోసే సన్న రంపం తీసి రేకు కోయడానికి కూర్చున్నాడు. కోసే ముందు ఒళ్ళో గుడ్డ పరుచుకున్నాడు, పెట్టె కింద ఇంకో గుడ్డ పరిచాడు, రాలిన ఇనప పొడినంతా కుంచెతో ఊడ్చి ఒక పొట్లం కట్టాడు.

"అది బంగారం కాదన్నా," అన్నాను.

"నాకు తెలీదా ఏంది? చెయ్యి ఊరుకోదప్పా," అన్నాడు. తరువాత కార్డు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఇంత లావుది దేనికి నీకు?"

"ఉండాల," అన్నాను. ఆయన నా ముఖం చూసి కార్డు తిరిగి నా చేతిలో పెట్టాడు. పెళ్ళిళ్ళకు ముందు పక్కింటామె హారం ఫోటో తెచ్చి ఇంతకంటే ఒక వరస ఎక్కువ పెట్టి చెయ్యమనేవాళ్ళను ఆయన ఎంతమందిని చూసి ఉంటాడో!

కార్డు లోపల కూర్చుంది. ఆన్ చేసి పాత పెళ్ళి ఒకటి తెరిచాను. ఎక్కడా ఆగలేదు. పెళ్ళికూతురు ఎత్తిన చెయ్యి నీళ్ళలో చేప కదిలినట్టు కిందికి దిగింది. నా భార్యను పిలిచి చూపించాను. "బాగుండాది. ఇప్పుడన్నా కుళ్ళు తగ్గిందా?" అంది. తగ్గలేదు. డబ్బాను ఫోటో తీసి, పన్నెండు జీబీ అనే అక్షరాలు స్పష్టంగా కనపడేటట్టు వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను. జమ్మలమడుగు నుంచి ఎవరు చూశారా అని గంటగంటకూ తీసి చూశాను. చివరికి షడ్డకుడి దగ్గర నుంచి మాట వచ్చింది. "సూపర్ అన్నా. కంగ్రాట్స్." ఒక్క ముక్క కూడా వంకరగా లేదు. ఇలాంటి మనిషి మీద అసూయ పడటం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

పెళ్ళి పులివెందులలో, కల్యాణ మంటపంలో. సాయంత్రానికి వీడియో కావాలంటే మిషను అక్కడే ఉండాలి. కారు వెనక సీట్లో దిండ్ల మధ్య పెట్టెను కూర్చోబెట్టి బెల్టు కట్టాను. నా భార్య చీరల సంచులన్నీ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుంది. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూశాను. "నన్నెప్పుడన్నా అట్ల సూసినావా?" అని ఆమె అడిగింది.

మంటపంలో వంటసామాన్లు పెట్టుకునే గది నాకిచ్చారు. ఒక పక్క బియ్యం మూటలు, ఒక పక్క విస్తరాకుల కట్టలు, మధ్యలో బల్ల మీద నేను. తెల్లారేసరికి అంతా సిద్ధం చేసుకుని ఆన్ చేశాను. మూడు ఫ్యాన్లూ తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. ఆపి మళ్ళీ వేశాను. నలుపే. కెమెరా అతను మొదటి మెమరీ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు.

మూత విప్పి చూస్తే సంగతి కనపడింది. దారిలో గతుకులకు ఆ బరువైన కార్డు ఒక పక్కకు వాలి, గాడిలోంచి కొంచెం పైకి లేచింది. దాన్ని నొక్కి పెడితే బొమ్మ వస్తుంది, చెయ్యి తీస్తే పోతుంది. కింద ఏదైనా ఊతం పెట్టాలి. ఇనుము పెడితే షార్టవుతుంది. ఒక చేత్తో కార్డు ఎత్తి పట్టుకుని నా భార్య కోసం కేకలు వేశాను.

సరిగ్గా అప్పుడే బయట మేళం మొదలైంది. పెళ్ళికొడుకు వాళ్ళ కార్లు వచ్చాయి.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికొడుకు కారు దిగగానే ఆ ఇంటి పెద్దల్లుడు ఎదురుపోయి, మెడలో దండ వేసి, చెయ్యి పట్టుకుని మంటపంలోకి తీసుకురావాలి. కొడుకులు లేని ఇంట్లో దానికి ఇంకా విలువ. షడ్డకుడు పెళ్ళికొడుకుగా వచ్చిన రోజు అతని చెయ్యి పట్టుకుని తెచ్చింది నేనే. ఈ రోజు కోసం నా భార్య నాకు జరీ పంచె ఇస్త్రీ చేయించి తెచ్చింది. అది ఇంకా సంచిలోనే ఉంది. నేను బనీను మీద, ఒక చెయ్యి పెట్టెలో పెట్టి ఉన్నాను.

మామ గది గుమ్మంలోకి వచ్చాడు. "పెద్దల్లుడూ, రాప్పా! పెండ్లికొడుకు దిగుతాండాడు."

"రెండు నిమిషాలు మామా! చెయ్యి తీస్తే ఆగిపోతాది!"

"ముహూర్తం ఆగుతాదా? ఆయన కారు కాడ నిలబడుకోనుండాడు!"

"మాపుటికి వీడియో వద్దా మరి?"

మామ నన్ను చూశాడు, పెట్టెను చూశాడు, మేళం వైపు చూశాడు. వెనక్కి తిరిగి గట్టిగా పిలిచాడు. "నడిపల్లుడూ! నువ్వు పో. దండ తీసుకో."

నా భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. ఊతం ఏదైనా ఇమ్మంటే చేతిలో ఉన్న తాంబూలం పళ్ళెంలోంచి లావుపాటి పసుపు కొమ్ము ఒకటి తీసి ఇచ్చింది. కార్డు కింద దూర్చాను. సరిగ్గా సరిపోయింది. తెర వెలిగింది. బయట మేళం జోరు మీద ఉంది, ఆడవాళ్ళు నవ్వుతున్నారు. "పోయినాడా?" అని అడిగాను. "పోయినాడు," అని ఆమె నా వైపు చూడకుండా పళ్ళెం సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ తరువాత నేను గది దాటలేదు. కెమెరా అతను మెమరీ కార్డులు తెస్తూనే ఉన్నాడు. తాళి కట్టడం తెర మీదే చూశాను. తలంబ్రాలు తెర మీదే చూశాను. పెళ్ళికొడుకు లోపలికి వచ్చాక తెచ్చిన మొదటి కార్డులోనే ఆ ఎదుర్కోలు ఉంది. షడ్డకుడు పట్టు పంచెలో, కొత్త పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచి వస్తున్నాడు. పక్కన మామ. వెనక నా భార్య, ఆమె చెల్లెలు. పొద్దుటి ఎండ వాళ్ళ ముఖాల మీద పడి బొమ్మ ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. పన్నెండు జీబీ కార్డు దాన్ని ఒక్క వెంట్రుక కూడా పోకుండా చూపించింది. అతని మెడ మీది చెమట చుక్క కూడా కనపడింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ చోటు నాది, ఆ చెయ్యి నాది, అందులో ఉండాల్సింది నేను. ఒక మీట నొక్కితే అదంతా ఎగిరిపోతుంది. వేలు మీట మీద పెట్టాను కూడా. కానీ అది తీసేస్తే పెళ్ళికొడుకు మంటపంలోకి రావడమే ఉండదు.

మధ్యాహ్నం మామ మళ్ళీ గదిలోకి వచ్చాడు. నా వెనక నిలబడి చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. కోపం ఏమీ లేదు.

"ఆ చెయ్యి పట్టుకొని వచ్చేది శానా బాగుండాది. ఈడ బిర్న పోతాంది. మెల్లగా వచ్చేటట్లు చెయ్యి. సినిమాల్లో మాదిరి," అన్నాడు.

స్లో మోషన్ పెట్టాను. పాత మిషనైతే దానికే పూట పట్టేది. ఇది అడిగిన వెంటనే చేసింది. షడ్డకుడు ఒక్కో అడుగూ తీసి తీసి వేస్తూ, చిరునవ్వు అంగుళం అంగుళం విప్పుతూ, ఎంతకీ మంటపంలోకి చేరకుండా నడుస్తూనే ఉన్నాడు.

సాయంత్రం భోజనాల వేళకు తెర మీద వేశాను. మాట నిలబెట్టుకున్నాను. జనం చేతులు విస్తళ్ళలోనే ఉంచి తలెత్తి చూశారు. వియ్యంకులు మామ చేతులు పట్టుకుని ఊపారు. షడ్డకుడు నా దగ్గరికి వచ్చి "ఏం కార్డన్నా అది! నాది దీని ముందర యాడికి వస్తాది," అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కాచుకున్నాను. అది విన్నప్పుడు ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాను కూడా. ఏమీ అనిపించలేదు. అతని నుదుట పొద్దుటి బొట్టూ మెడ మీద గంధమూ ఇంకా చెరగకుండా ఉన్నాయి.

మామ అక్కయ్య ఒకామె ఉంది, పెండ్లిమర్రిలో ఉంటుంది, పెద్దావిడ. పొద్దున రాలేక సాయంత్రం వచ్చింది, నడిపల్లుడి ముఖం ఆమె అంతగా ఎరగదు. తెరకు ఎదురుగా కుర్చీ వేయించుకుని మొదటి నుంచి చివరి దాకా కన్నార్పకుండా చూసింది. అయిపోయాక మామను పిలిచి, చెవులు సరిగా వినపడవు కాబట్టి హాలంతా వినపడేటట్టు అడిగింది.

"ఏమిరా, పెద్దల్లుడు పెండ్లికి రాల్యా?"

"వచ్చినాడక్కా. ఇది చేసింది ఆయప్పే," అన్నాడు మామ.

"యాడా కనపడల్యా?"

మామ పక్కకు తిరిగి వడ్డించేవాళ్ళను పిలిచాడు. నా భార్య తల వంచుకుని పాయసం కలుపుతోంది.

"పోనీలే. ఆ చెయ్యి పట్టుకొచ్చినాయప్ప ఎవరో గానీ, ఇంటి పెద్దరికమంతా ఆయప్పలోనే ఉండాది," అంది ఆవిడ. "ఇంగోతూరి ఎయ్యమను, సూస్తా."

అందరూ నా వైపు తిరిగారు. మళ్ళీ వేశాను.